తొమ్మిది ఇటుకల లోతు

"అర పైకి జరిపించావు. నాకు అందకూడదనే జరిపించావు," అంది మా అత్తగారు, వంటింట్లో మునివేళ్ళ మీద లేచి, గ్లాసుల అర అంచుని వేలికొసలతో తడుముతూ.

"అర కదల్లేదు అత్తయ్యా. దాని మేకు కూడా కదల్లేదు."

"అయితే నేను కుంచించుకుపోయానా? పోయిన వారం అందింది, ఇవాళ అందట్లేదు. వారంలో ముసలిదాన్నయిపోయానా?"

"వారంలో ఏం కాలేదు లెండి, ఎప్పుడో అయ్యారు," అన్నాను. అనకుండా ఉండాల్సింది. అప్పటికే నోరు జారింది.

ఆవిడ కొడుకుని కేకేసింది. మా ఆయన ముందుగదిలోంచి చేతిలో టేపుతోనే వచ్చారు. ఆ అర బిగించింది ఆయనే, ఎంత ఎత్తులో బిగించారో ఆయనకు గుర్తే. టేపు నేలకి ఆనించి పైకి లాగి చూశారు.

"అమ్మ చెప్పింది నిజమేనే. నేను బిగించినప్పుడు నూట అరవై. ఇప్పుడు నూట అరవై ఎనిమిది."

అత్తయ్య నా వైపు చూసిన చూపు కోర్టులో గెలిచినవాళ్ళు కూడా చూడరు.

"పైకప్పు నుంచి కొలవండి," అన్నాను.

"ఎందుకు?"

"కొలవండి ముందు."

స్టూలెక్కి పైకప్పు నుంచి అర దాకా కొలిచారు. మారలేదు. కొంచెంసేపు స్టూలు మీదే నిలబడి కింద కొత్త బండల్ని చూశారు. పోయిన వారమే పాత బండలు, వాటి కింద ఎప్పటివో ఇంకో వరస బండలు పగలగొట్టి తీసి, కొత్తవి వేయించాం. నేల ఎనిమిది సెంటీమీటర్లు కిందికి దిగింది. అర ఎక్కడున్నది అక్కడే ఉంది.

"ముప్ఫై ఏళ్ళు కొలతలు తీసిన మనిషి," అన్నాను, "నేల దిగిందో లేదో చూసుకోకుండా నా మీద తీర్పు చెప్పేశారు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అంది అత్తయ్య. తప్పు అప్పుడూ నాదే.

కొలతల మాటొస్తే మా ఇంట్లో ఎవరూ ఎక్కువసేపు నవ్వుకోలేరు. కారణం చెప్పాలి.

మా ఆయన భూగర్భ జలాల ఆఫీసులో కొలతల ఉద్యోగి. వీధిలో టేపు మాస్టారు అనేవారు. మా ఊళ్ళో చట్టం ఇలా ఉంటుంది: భూమిలోంచి నీళ్ళు తోడి వ్యాపారం చేసేవాళ్ళు, తమ ఆవరణలో పడిన వాననీటిని ఇంకుడు బావి ద్వారా మళ్ళీ భూమిలోకి పంపాలి. నిజంగా పంపుతున్నారో లేదో తెలియడానికి పెరట్లో ఒక కొలత గొట్టం ఉంటుంది. పర్మిట్ పొడిగించాల్సిన ఏడు ఎండాకాలం చివర ఆ గొట్టంలో నీటిమట్టం చూస్తారు. గొట్టం పై అంచు నుంచి పదకొండు మీటర్ల లోపల నీళ్ళుంటే పర్మిట్ నిలుస్తుంది. అంతకంటే లోతుకి పోతే, తోడటం ఆపాల్సిందే.

కొలిచే పద్ధతి చూడటానికి చాలా తేలిక. ఇనుప టేపు చివర సుద్ద రాసి గొట్టంలోకి దించుతారు. నీళ్ళలో మునిగినంత మేర సుద్ద తడిసి రంగు మారుతుంది. గొట్టం అంచు దగ్గర కనపడే అంకెలోంచి తడిసిన మేర తీసేస్తే లోతు తెలుస్తుంది. టేపు ఊగకూడదు, గొట్టం గోడకి రాసుకోకూడదు. చెయ్యి నిలకడగా ఉండాలి. మా ఆయనకు మంచి పేరంటూ ఉంటే అది ఆ చేతికే.

మూడేళ్ళ కిందట ఆయన మా వీధి చివర ఉన్న లాండ్రీలో కొలిచారు. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీ అది. యజమాని ఎవరో కాదు, మా ఆయన అక్కయ్య భర్త. నాకు అన్నయ్య వరస. అందరికీ లాండ్రీ అన్నయ్యే. కొలత పదకొండు మీటర్ల నలభై వచ్చింది. మా ఆయన అదే రాశారు.

అన్నయ్య ఒప్పుకోలేదు. మళ్ళీ కొలవమని అర్జీ పెట్టాడు. పదహారు రోజుల తర్వాత ఇంకో అధికారి వచ్చి కొలిస్తే పది మీటర్ల డెబ్భై వచ్చింది. మధ్యలో చుక్క వాన లేదు. అంటే మా ఆయన తప్పు కొలిచి ఉండాలి, లేదా పగబట్టి రాసి ఉండాలి. విచారణ పెట్టారు. అందులో అన్నయ్య చెప్పిన వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మా బావమరిది చెడ్డవాడు కాదండి. ఈమధ్య చెయ్యి కాస్త వణుకుతోంది. ఎందుకు వణుకుతోందన్నది ఇంటి విషయం, నేను చెప్పకూడదు."

జీవితంలో మందు వాసన కూడా తెలియని మనిషి గురించి ఆ మాట! తాగుతాడని అని ఉంటే తాగడని చెప్పుకునేవాళ్ళం. చెప్పకుండా వదిలేసిన మాటకి జవాబు ఎవరు చెప్పగలరు? ఆఫీసువాళ్ళు ఆయన్ని పాత ఫైళ్ళ గదికి మార్చారు. నాలుగు నెలలు దుమ్ము దులిపి, ఆయనే ముందుగా రిటైరైపోయి ఇంటికొచ్చారు. అప్పట్నుంచీ మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. ఆ చెయ్యి వణకదు. నేను పక్కనే కూర్చుని ఎన్నిసార్లు చూశానో. వణుకుతుందేమోనని పట్టుకుంటారు. అన్నయ్య మాటని లోకం నమ్మింది సరే, చివరికి ఈయన కూడా నమ్మారు. నేను క్షమించలేనిది అదీ.

మూడేళ్ళుగా మా ఇంట్లోంచి ఎవరూ లాండ్రీ గుమ్మం తొక్కలేదు. వదిన మాత్రం వారానికోసారి వాళ్ళమ్మని చూడటానికి వచ్చేది. వదిన మంచిది. ఆవిడ మంచితనం కూడా నాకు ఒక్కోసారి మండిపోయేది.

అర గొడవ జరిగిన మూడో రోజున వదిన ఫోన్ చేసింది.

"ఓసారి రా. మీ అన్నయ్య నీతో మాట్లాడాలంటున్నారు. తమ్ముడికి చెప్పకు, వద్దంటాడు."

ఎందుకో నాకు తెలుసు. లాండ్రీ పర్మిట్ గడువు అయిపోతోంది. పొడిగింపు నోటీసు వీధి మొదట్లో గోడకి అంటించారు. రెండు వందల మీటర్ల లోపల వాడుకలో బావి ఉన్నవాళ్ళు అభ్యంతరం లేదని సంతకం పెడితే విచారణ అక్కర్లేదు, కొలత అక్కర్లేదు. ముప్ఫై రోజుల్లో అభ్యంతరం చెబితే అన్నీ మొదటినుంచి చూడాలి. మిగతా బావులన్నీ ఎండిపోయి, ఆ దూరంలో మిగిలింది మా పెరటి బావి ఒక్కటే. దాంట్లోనూ ఈ మూడేళ్ళలో మోటారుని రెండుసార్లు కిందికి దించాం. ఈ ఎండాకాలం కుళాయిలో బురద వచ్చింది.

వెళ్ళాను. వాళ్ళ ఇల్లు లాండ్రీ ఆవరణలోనే; గుమ్మంలోనే అన్నయ్య ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం, నోటినిండా నవ్వు.

"రా చెల్లెమ్మా! ఇల్లు మర్చిపోయావనుకున్నా. కోపాలు పిల్లలకి, మనకెందుకు? కూర్చో, ఒక్క ఫోన్ చూసుకుని వస్తా."

వదిన నన్ను పెరటి వైపు తీసుకెళ్ళింది. గుమ్మం దాటి రెండు మెట్లు దిగితే పెరడు అన్న లెక్కలో ఉంది నా కాలు. రెండు దిగాక ఇంకా మెట్లున్నాయి. తూలి, వదిన భుజం పట్టుకున్నాను.

"జాగ్రత్త. ఆరున్నాయి ఇప్పుడు."

"ఎప్పుడు కట్టించారు?"

"అదే, ఆ గొడవ అయిన ఏడే, తమ్ముడు కొలిచి వెళ్ళాక. పెరడంతా లోతుగా తీయించి బండలు పరిచారు. వాననీళ్ళన్నీ ఇంకుడు బావిలోకి జారాలని. ఆఫీసువాళ్ళు ఎంత మెచ్చుకున్నారో! ఫోటో తీసుకెళ్ళి గోడకి పెట్టుకున్నారు."

పెరడు నిజంగానే అద్దంలా ఉంది. నాలుగు వైపులనుంచీ వాలు, మధ్యలో జల్లెడ మూత వేసిన ఇంకుడు బావి. ఒక మూల కొలత గొట్టం, నీలం రంగు వేసి, చుట్టూ తెల్ల గీత గీసి. దాని పక్కనే గోడకి ఉతికే హాలు చిన్న కిటికీ ఉంది. మూటలు అందుకోవడానికి పెట్టిన కిటికీ అది. దాని ముందు పనిమనిషి ఒకామె చెక్కపెట్టె మీద నిలబడి మూట అందుకుంటోంది.

"పెట్టె ఎందుకు?" అని అడిగాను ఆమెని.

"అందదమ్మా. నేల దించారుగా. ఇదివరకైతే నించున్నచోటే చేతికొచ్చేది."

నాకు మా అత్తయ్య మునివేళ్ళ మీద నిలబడటం కళ్ళముందు మెదిలింది. తర్వాత కొలత గొట్టం వైపు చూశాను. చూసి, అక్కడే నిలబడిపోయాను.

ఒకప్పుడు ఇదే కిటికీ అడుగునుంచి ఆ గొట్టం మీదికి ఒక చెక్క అడ్డంగా వేసి మూటలు పెట్టేవాళ్ళు. బల్లలా తిన్నగా ఉండేది. మా ఆయన చూసి, కొలత గొట్టం మీద బరువు పెడతారా అని అరిచి తీయించారు. అంటే గొట్టం అంచూ కిటికీ అడుగూ అప్పుడు ఒకే ఎత్తు. కిటికీ ఎక్కడికీ పోలేదు. గొట్టం మాత్రం ఎంతో కింద ఉంది. అయినా నేలనుంచి చూస్తే నడుం ఎత్తే, ఎప్పటిలాగే.

గోడకి పూత లేదు, ఇటుకలు కనపడుతున్నాయి. కిటికీ అడుగునుంచి గొట్టం అంచుకి సమానంగా వచ్చేదాకా వరసలు లెక్కపెట్టాను. తొమ్మిది.

"ఏం చూస్తున్నావు?" అంది వదిన.

"ఎంత నీటుగా ఉందో చూస్తున్నాను," అన్నాను.

అన్నయ్య కాగితం తెచ్చాడు. అత్తయ్యచేత సంతకం పెట్టించమన్నాడు. బావి ఆవిడ పేరునే ఉంది. "ఆదివారం నేనే భోజనానికి వస్తాను. అందరం కలిసి కూర్చుని తిందాం. అప్పుడే సంతకం," అన్నాడు. తప్పకుండా రమ్మన్నాను. అంత ప్రేమగా నేను ఎవరినీ పిలిచి ఉండను.

ఇంటికొచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"లాండ్రీ గొట్టం నేలకి ఎంత ఎత్తు ఉండాలి?"

"తొంభై. రికార్డులో అదే ఉంది. రెండోసారి కొలిచినాయన కూడా తొంభై సరిచూసి రాశాడు."

"నేల ఎంత ఎత్తు ఉండాలి?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. మెట్లు చెప్పాను, పెట్టె చెప్పాను, చెక్క చెప్పాను. తొమ్మిది వరసలు చెప్పగానే ఆయన పెదవులు కదిలాయి.

"సున్నంతో కలిపి వరస ఎనిమిది సెంటీమీటర్లు... డెబ్భై రెండు. అటూ ఇటుగా డెబ్భై." వేళ్ళ మీద కూడి, "పది డెబ్భైకి డెబ్భై కలిపితే పదకొండు నలభై," అన్నారు. నేల ఎంత దించారో గొట్టాన్నీ అంతే కోశారు. ఆయన అంకె ఆయనకే తిరిగొచ్చింది. చాలాసేపు కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. దెబ్బ తగిలిన పిల్లాణ్ణి చూసుకున్నట్టు.

"నాది తప్పు కాదన్నమాట."

"కాదు."

"చాలు," అన్నారు. "నాకు తెలిసింది, నీకు తెలిసింది. ఇంక వదిలెయ్. అక్క ఉంది అక్కడ."

ఆయనకు చాలేమో. నాకు చాలదు. న్యాయం కోసం పోరాడానని గొప్పలు చెప్పుకోను. ఆ లాండ్రీ గేటుకి తాళం పడటం నేను చూడాలి. జనం అన్నయ్య వెనక ఏదో అనుకుంటుంటే, ఏమనుకుంటున్నారో తెలియక తను మెడ తిప్పి తిప్పి చూడాలి. నాకు కావలసింది అదే.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ వెనక గుమాస్తా పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"లాండ్రీ పర్మిట్ ఫైలు చూడాలండీ. మొదటి దరఖాస్తుతో సహా."

"ఎవరు పడితే వాళ్ళకి చూపించం."

"దగ్గర్లో బావి ఉన్నవాళ్ళు చూడొచ్చని నోటీసు కిందే రాసి ఉంది, ఐదో పేరాలో."

అతను పుల్ల పారేసి నన్ను పరీక్షగా చూశాడు. "నోటీసు ఐదో పేరా దాకా చదివినవాళ్ళని ఇదే చూడటం," అని లోపలికెళ్ళి ఫైలు తెచ్చాడు.

మొదటి దరఖాస్తులో అన్నయ్యే ఇచ్చిన ఫోటో ఉంది. పాత పెరడు, రెండు మెట్లు, కిటికీ. కిటికీ అడుగుకి సరిసమానంగా కొలత గొట్టం. వెనక అన్నయ్య సంతకం, తేదీ. గుమాస్తా తల మీద, గోడకి, అదే పెరడు కొత్త ఫోటో పెద్దది తగిలించి ఉంది. కింద 'ఆదర్శ ఆవరణ' అని రాశారు. రెండింట్లోనూ అదే కిటికీ, కొత్తదాంట్లో గొట్టం మాత్రం ఎంతో కింద. మూడేళ్ళుగా అందరి కళ్ళముందే వేలాడుతోంది. పాత ఫోటోకి ముద్ర వేసిన నకలు ఇమ్మన్నాను.

"కొలత గొట్టాన్ని కోస్తే శిక్ష ఏమిటండీ?"

చట్టం పుస్తకం తీసి చదివాడు. "పర్మిట్ రద్దు. నీళ్ళు తోడే బావికి సీలు. ఆ ఆవరణకి ఐదేళ్ళపాటు కొత్త పర్మిట్ ఇవ్వరాదు."

"ఇంకోసారి చదువుతారా?"

"వినపడలేదా?"

"వినపడింది. బాగుంది, అందుకని."

అతను నవ్వి మళ్ళీ చదివాడు. తర్వాత అభ్యంతరం ఫారం నా ముందుకి తోశాడు. "బావి సొంతదారు సంతకమే చెల్లుతుంది. మీది కాదు, మీ ఆయనది కాదు."

ఫారం నింపి అత్తయ్య ముందు పెట్టాను. ఫోటో నకలు పక్కన పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండూ చూసింది.

"ఇది నా కూతురి ఇంటిమీద పెట్టే సంతకం."

"అవును."

"నీకు కడుపు చల్లబడాలని నా చేత పెట్టిస్తున్నావు."

"అదీ అవును."

"అబద్ధమైనా ఆడవేం నువ్వు," అంది. కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. నాలుగు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. నేను దుప్పటి మార్చినప్పుడల్లా దిండు ఆవిడే ఎత్తి పట్టుకునేది.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య, వదిన వచ్చారు. బల్ల చుట్టూ ఐదుగురం. అన్నయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాడు.

"ఉప్పు కొలిచి వేశావా చెల్లెమ్మా? ఈ ఇంట్లో అన్నిటికీ టేపే కదా."

"కొలిచే వేశానన్నయ్యా. మా ఇంటి కొలతలు పదహారు రోజుల్లో మారవు."

అన్నయ్య ముద్ద నమలడం ఆగింది. నేను ఫోటో నకలు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. వదిన ముందుకి వంగి చూసింది.

"మన పెరడే! అబ్బ, గొట్టం అప్పుడు ఇంత ఎత్తుండేదా? కిటికీ దాకా ఉందేమండీ?"

వదిన భర్త మొహం చూసింది. ఫోటో చూసింది. మళ్ళీ మొహం చూసింది. చెయ్యి కంచంలోంచి తీసేసింది.

"మట్టి తీసేటప్పుడు పనివాళ్ళు గొట్టం పగలగొట్టారు," అన్నాడు అన్నయ్య. "అంచు సమంగా కోయించాను. తప్పేముంది?"

"అధికారికి చెప్పారా?" అన్నాను.

"ఆయన అడగలేదు."

"మా ఆయన చెయ్యి గురించి కూడా ఎవరూ అడగలేదుగా. అది మాత్రం చెప్పారు."

అన్నయ్య మా ఆయన వైపు తిరిగాడు. "ఒరేయ్ బావా, ఆడవాళ్ళ మాటలకేం గానీ, నువ్వు చెప్పు. గొట్టం రేపే అతికిస్తాను. నువ్వు నా దగ్గరికొచ్చెయ్. హాలంతా నువ్వే చూసుకో. ఇంట్లో విషయం ఇంట్లోనే ఉంటుంది."

మా ఆయన మెల్లగా అన్నారు: "నాకు నీ దగ్గర పనొద్దు బావా. ఆరోజు ఎవరెవరి ముందు నా చెయ్యి వణుకుతుందన్నావో, వాళ్ళ ముందే అబద్ధం చెప్పానని చెప్పు. అంతే చాలు."

"అది చెబితే లాండ్రీ మూతపడుతుంది. నలభైమంది బతుకులు!"

"నాది ఒక్కడిదే కదా అని తీశావా?"

ఆయన ఆ గొంతుతో మాట్లాడటం నేను మూడేళ్ళ తర్వాత విన్నాను. అన్నయ్య ఇంక ఆయన్ని వదిలేసి జేబులోంచి తన కాగితమూ పెన్నూ తీసి అత్తయ్య కంచం పక్కన పెట్టాడు.

"అత్తయ్యగారూ, మీరు పెద్దవారు. మీ అమ్మాయి కాపురం మీ చేతిలో ఉంది. ఇక్కడ ఒక్క సంతకం."

అత్తయ్య తన ముద్ద పూర్తిగా నమిలి మింగింది. నీళ్ళు తాగింది. తర్వాత ఆ కాగితాన్ని వేలితో అన్నయ్య వైపే నెట్టింది.

"సంతకం రాత్రే పెట్టేశాను బాబూ. దీనిమీద కాదు, కోడలు తెచ్చిన దానిమీద. రేపు ఆఫీసు తెరవగానే నేనే వెళ్ళి ఇస్తాను."

"అమ్మా!" అంది వదిన.

"నువ్వుండు. ఐదేళ్ళు మూతపడుతుందట, పడనీ. నా కూతురికి ఈ ఇంట్లో అన్నానికి లోటు రాదు." అల్లుడి మొహంలోకి సూటిగా చూసింది. "మీకూ రాదు. తాళం పడ్డ రోజు నుంచి రెండు పూటలా ఇక్కడే మీ భోజనం. ఇదే బల్ల దగ్గర, నా కొడుకు పక్కనే కూర్చుని తినాలి. వణుకుతుందన్నారే, ఆ చేత్తోనే వాడు వడ్డిస్తాడు."